పాపకు పడనివి, పడేవి: ఒక అమ్మ డైరీ పుటలు

30 మార్చి 2025, ఆదివారం. ఉగాది

పొద్దున్నే అత్త వేపకొమ్మ వంచి పూత దులిపింది. మా ఇంటి ఉగాది పచ్చడిలో వేపపూత, కొత్త చింతపండు, బెల్లం, మామిడి తురుము, పైన గుప్పెడు పుట్నాల పప్పులు. అంతే. పాప గిన్నెడు తాగి ఇంకా కావాలంది. మధ్యాహ్నం ఓళిగలు, కట్టు చారు. పూర్ణం శనగపప్పుది, నెయ్యి ఇంటిది. పండగ భోజనంలో పాప విస్తరికీ మా విస్తళ్ళకీ తేడా లేదు.

సాయంత్రం పంచాంగ శ్రవణానికి రామాలయానికి పోయాం. అక్కడి పచ్చడి గంగాళంలో జీడిపప్పు పలుకులు, ఎండు ద్రాక్ష తేలుతున్నాయి. బెంగళూరులో స్థిరపడిన ఊరివాళ్ళెవరో పండక్కి వచ్చి వేయించారట. పూజారి ఉద్ధరిణె ముంచేలోపే పాప చెయ్యి వెనక్కి తీసుకుని, "నాకు జీడిపప్పు పడదు తాతా" అంది. ఆయన పళ్ళెంలోంచి అరటిపండు తీసి ఇచ్చారు. ఆరేళ్ళు నిండని పిల్ల అంతమందిలో తడబడకుండా ఆ మాట చెప్పడం చూస్తే నాకు ధైర్యం వచ్చింది.

పాపకు జీడిపప్పు, పిస్తా పడవు. రెండేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో ఎవరో ముద్దుచేసి నోట్లో పెట్టిన కాజు బర్ఫీ ముక్కతో ఈ సంగతి బయటపడింది. నిమిషాల్లో పెదవులు ఉబ్బాయి. ఒళ్ళంతా దద్దుర్లు, వాంతి, ఆ వెనకే పిల్లికూతలు. తొడలో అడ్రినలిన్ ఇంజెక్షన్ పడ్డాకే ఊపిరి కుదుటపడింది. అప్పటి నుంచి తిండి సంగతులు ఈ నోటుబుక్కులో రాస్తున్నాను. ఏది పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు, ఎవరింట్లో ఎలా వండుతారు, ఏ పొట్లం మీద ఏం రాసుంది. నేను లేని చోట పాపకు అన్నం పెట్టేవాళ్ళకు ఈ పుటలు పనికిరావాలి.

31 మార్చి, సోమవారం. రంజాన్

ఎదురింటి అక్క మధ్యాహ్నం రెండు గిన్నెలతో వచ్చింది. పెద్ద గిన్నెలో మాకు షీర్ ఖుర్మా, మూతపెట్టిన చిన్న గిన్నెలో పాపకు. "పాపకని ముందే తీసి పెట్టినా. జీడిపప్పు ఏంచిన నెయ్యి గాని, ఆ గంటె గాని దీన్ని తాకలేదు" అంది.

ఈ రహస్యం అక్కకు తెలిసినంతగా చదువుకున్న మా బంధువుల్లో చాలామందికి తెలియదు. పాయసంలోంచి జీడిపప్పు పలుకులు ఏరేసి "ఇప్పుడు పెట్టొచ్చు కదా" అంటారు. పప్పు వేగిన నేతిలోకి దాని ప్రోటీను దిగుతుంది, ఆ నెయ్యి పాయసమంతా కలుస్తుంది. వేయించినా ఉడికించినా జీడిపప్పు ప్రోటీను చేసే హాని పోదు. కాబట్టి పాప గిన్నె తిరగమోతకు ముందే పక్కకు రావాలి, గంటె వేరే ఉండాలి. పండగ వంటలో ఇంతకు మించి చేయాల్సిన మార్పు లేదు.

షీర్ ఖుర్మాలో జీడిపప్పు, పిస్తా, బాదంతో పాటు సారపప్పు కూడా వేస్తారు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను గనక ఈ చెట్ల వంశం నాకు తెలుసు. జీడిమామిడి, పిస్తా, సారపప్పు కాసే మోరి చెట్టు, చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి, మన మామిడి, అన్నీ అనకార్డియేసి కుటుంబమే. జీడిపప్పులోనూ పిస్తాలోనూ ప్రోటీన్లు బాగా దగ్గరగా ఉంటాయి. అందుకే ఒకటి పడని పిల్లలకు రెండోది కూడా చాలావరకు పడదు. సారపప్పును పాపకు పరీక్షించలేదు, అందుకని పెట్టం. మామిడిపండు మాత్రం ఏటా తింటోంది, ఏ ఇబ్బందీ రాలేదు. ఒకే కుటుంబం అయినంత మాత్రాన అన్నిటినీ మానిపించాల్సిన పని లేదని డాక్టరు మొదట్లోనే చెప్పారు.

19 ఏప్రిల్, శనివారం

ఎండ నలభై దాటింది. మధ్యాహ్నమైతే రేకుల ఇళ్ళవాళ్ళంతా వేపచెట్ల కిందికి చేరుతున్నారు. ఈ నెలల్లో నా బెంగంతా పాప మందు మీదే. అడ్రినలిన్ ఆంపూల్‌ను 25 డిగ్రీలు దాటని చోట, వెలుతురు తగలకుండా ఉంచాలి. గడ్డకట్టనివ్వకూడదు. చెడిపోతే గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరుగుతుంది, అప్పుడిక పారేయడమే. మా ఊళ్ళో కరెంటును నమ్మలేం. అందుకని ఐసు వేయని స్టీలు ఫ్లాస్కులో పెట్టి, లోపలి గదిలో నీళ్ళకుండ పక్కన ఉంచుతున్నాం. ఫ్లాస్కులో రెండు ఆంపూళ్ళు, రెండు చిన్న సిరంజీలు, డాక్టరు రాసిచ్చిన కాగితం. గడువు తేదీ క్యాలెండరులో ఎర్రసిరాతో రాసి పెట్టాను.

అమెరికాలో, ఇంగ్లండులో పిల్లల బడిసంచుల్లో పెన్నులాంటి ఇంజెక్షన్ ఉంటుంది, తొడకు నొక్కితే చాలు. ఇక్కడ నేను అడిగిన మందుల షాపుల్లో ఆంపూలే దొరికింది. దాన్ని విరిచి, మందు లాగి, సరైన గీత దగ్గర ఆపడం నేర్చుకోక తప్పదు. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము మందు. పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము. పాప 18 కిలోలు ఉంది కాబట్టి 0.18 మిల్లీలీటరు. సిరంజి మీద ఆ గీత దగ్గర గోళ్ళరంగుతో గుర్తు పెట్టాను. పాప బరువు పెరిగే కొద్దీ డాక్టరును అడిగి ఆ గుర్తు జరపాలి.

ఇవాళ టీకాల రోజు. ఏఎన్ఎం వచ్చింది. టీకా వేసిన పిల్లలకు ఒక్కోసారి ఇలాగే ఒళ్ళు తిరగబడితే వాడటానికి ఆమె పెట్టెలో కూడా అడ్రినలిన్ ఉంటుంది, వేయడంలో ఆమెకు శిక్షణ ఉంది. పనంతా అయ్యాక మా ఇంటికొచ్చి, సిరంజిలో నీళ్ళు నింపి, చీనీకాయ మీద మా ఆయనకూ అత్తకూ నేర్పింది. అత్త చేతులు వణికాయి, అయినా వదల్లేదు. కాయ తర్వాత కాయ పొడిచి, సూది నిలువుగా దిగేదాకా చేసింది.

గోడకు అంటించిన కాగితం మీద ఇలా రాశాను. పాపను పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా పెట్టాలి, ఊపిరాడకపోతే ఆనించి కూచోబెట్టాలి. నిలబెట్టకూడదు, నడిపించకూడదు. ముందు తొడ బయటివైపు కండలో ఇంజెక్షన్, ఆ తర్వాతే 108కి ఫోను. అయిదు నిమిషాలకు తేలికపడకపోతే రెండోది. సెటిరిజిన్ దురద తగ్గిస్తుంది గాని ఊపిరిని కాపాడదు, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయకూడదు. తేలికపడినా ఆస్పత్రికి పోవాల్సిందే, ఎందుకంటే కొన్ని గంటలకు మళ్ళీ తిరగబెట్టొచ్చు.

17 మే, శనివారం. బెంగళూరు

అలర్జీ డాక్టరు దగ్గరికి ఏడాదికోసారి వచ్చే ప్రయాణం. చేతి మీద చుక్కలు వేసి, ఒక్కో చుక్క కింద చర్మాన్ని సూదిమొనతో తాకించి చూశారు. జీడిపప్పు, పిస్తా చుక్కలు మళ్ళీ ఉబ్బాయి. చెనక్కాయ (వేరుశనగ) చుక్క ఉన్నట్టే ఉంది.

పాప ఆహారం మీద ఇప్పటికి తేలిన లెక్క ఇది. జీడిపప్పు, పిస్తా పూర్తిగా మానాలి. బాదం పడుతుందని ఆస్పత్రిలోనే కొంచెం కొంచెంగా తినిపించి తేల్చారు. అక్రోటును అలా పరీక్షించేదాకా ముట్టకూడదు. చెనక్కాయలు తినొచ్చు. తినొచ్చని ఊరుకోలేదు, మానకుండా తినాలి అన్నారు. పడుతున్న తిండిని భయంతో ఏళ్ళ తరబడి మాన్పిస్తే, కొందరు పిల్లల్లో ఒళ్ళు దాన్ని కూడా శత్రువుగా చూసే ప్రమాదం ఉందట.

చెనక్కాయకూ జీడిపప్పుకూ చుట్టరికం లేదు. చెనక్కాయ కంది, శనగ, పెసర కుటుంబంలోది, పూత పైన పూసి కాయ నేలలో ఊరుతుంది. అయినా చెట్టు గింజలు పడని పిల్లల్లో కొంతమందికి చెనక్కాయ కూడా పడదు. అందుకే ఊహతో తేల్చకుండా, మూడేళ్ళప్పుడు పాపకు ఆస్పత్రిలో డాక్టరు ఎదురుగా చిటికెడుతో మొదలుపెట్టి గుప్పెడు దాకా తినిపించి చూశారు. ఆ రోజు ఏ దద్దురూ లేకుండా గడిచింది. మాది చెనక్కాయ పండే అనంతపురం అని విని డాక్టరు, "అయితే ఈ పరీక్ష మీకు అన్నిటికన్నా ముఖ్యం" అన్న మాట ఇంకా గుర్తుంది.

ఇది పెద్దయ్యాక పోతుందా అని మా ఆయన అడిగారు. చెట్టు గింజల అలర్జీ పోయేది పదిమంది పిల్లల్లో ఒకరికి, అందుకే ఏటా చూస్తున్నామని చెప్పారు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్‌ను తిండి అలర్జీలకు అనుమతించారు. దాంతో పొరపాటున కొద్దిగా లోపలికి పోయినా ముప్పు తగ్గుతుంది, అంతేగాని జీడిపప్పు తినే స్వేచ్ఛ రాదు. ఖరీదు మా అందుబాటులో లేదు. ఇప్పటికి మా మందు జాగ్రత్తే.

12 జూన్, గురువారం. బడి తెరిచారు

పాప ఒకటో తరగతి. ఊరి ప్రభుత్వ బడి. నేను పక్క మండలంలో పనిచేస్తాను కాబట్టి మధ్యాహ్నం పాప దగ్గర ఉండలేను.

డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగిజావ ఉంటాయి. ఈ ఏడాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. వీటిలో ఏదీ పాపకు పడనిది కాదు. చిక్కీ చెనక్కాయలు, బెల్లంతో చేసింది. అయితే కొత్త టీచరమ్మ డాక్టరు కాగితం మీద నట్ అలర్జీ అన్న మాట చదివి, బాధ్యతగల మనిషి కాబట్టి, చిక్కీ ఇవ్వొద్దని, పాపను భోజనానికి వేరుగా కూచోబెట్టాలని అనుకుంది. అందరూ చిక్కీ కొరుకుతుంటే పాప ఉత్తచేతులతో గోడవారగా కూచోవడాన్ని ఊహించుకుంటే నాకు మనసొప్పలేదు.

ఆమెతో కూచుని తెలుగులో కొత్త కాగితం రాశాను. పాపకు పడనివి: జీడిపప్పు, పిస్తా. పరీక్ష కానివి: అక్రోటు, సారపప్పు. పడేవి: చెనక్కాయలు, నువ్వులు, కొబ్బరి, గుడ్డు, పాలు, పప్పులన్నీ. పుట్టినరోజులకు పిల్లలు తెచ్చే కేకులు, చాక్లెట్లు ఇవ్వొద్దు, బదులుగా ఇవ్వడానికి బెల్లంపాకం చెనక్కాయ ఉండలు డబ్బాలో పంపుతున్నాను. వంటామెకు కూడా చదివి వినిపించాను. ఆమె అంతా విని, "మా వంటింట్లోకి జీడిపప్పు యాడొస్తాది మేడమ్, అదుండేది పెండ్లిండ్లలోనే" అంది. నిజమే. మా ప్రాంతపు బడిపిల్లల భోజనంలో పాపకు ముప్పు చాలా తక్కువ. ముప్పు ఉండేది మర్యాద చేసే చోట, పండగ చోట, పట్నం నుంచి వచ్చే డబ్బాలో.

కొబ్బరి గురించి టీచరమ్మ అడిగింది. అమెరికా ఆహార సంస్థ చాలా ఏళ్ళు కొబ్బరిని కూడా చెట్టు గింజల జాబితాలో పెట్టింది, 2025 జనవరిలో తీసేసింది. పాప పుట్టినప్పటి నుంచి కొబ్బరి తింటూనే ఉంది.

28 జులై, సోమవారం. నాగుల చవితి

మా సీమలో నాగుల చవితి శ్రావణంలోనే. పుట్టకు పాలు పోసి, చిమ్మిలి, చలిమిడి, నానబెట్టిన శనగలు నైవేద్యం. జీడిపప్పు పడని పిల్లల్లో కొందరికి నువ్వులు కూడా పడవంటారు గనక చిమ్మిలి విషయంలో మొదట్లో భయపడ్డాం. పరీక్షలో ఏమీ లేదని తేలాక పాప అత్త రోటి పక్కనే కూచుని, దంచిన నువ్వులూ బెల్లమూ ఉండ కట్టకముందే సగం తినేస్తుంది. ఎముకలకు కావలసిన సున్నం నువ్వుల్లో దండిగా ఉంది. వంద గ్రాముల రాగుల్లో కూడా 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. బాదం పాలు తాగితేనే పిల్లలు ఎదుగుతారన్న నమ్మకం ఇటీవల పల్లెల దాకా వచ్చింది. రాగి సంగటి, నువ్వులు, గుడ్డు, పప్పు, పెరుగు, ఆకుకూర సరిగ్గా అందుతున్న పిల్లకు ఖరీదైన గింజల లోటేమీ లేదు. ఈ నెల తూకంలోనూ పాప వయసుకు తగినట్టే ఉంది.

వానలు సరిగ్గా లేవు. పదును చూసి గొర్రు కట్టాలని మా ఆయన రోజూ మబ్బు వంక చూస్తున్నారు.

14 సెప్టెంబర్, ఆదివారం

ఆడబిడ్డ వాళ్ళు తిరుపతి పోయొచ్చారు. లడ్డూ ప్రసాదం తెచ్చారు. శనగపిండి, చక్కెర, నెయ్యితో పాటు జీడిపప్పు, ఎండు ద్రాక్ష, యాలకులు, కలకండ పడితేనే అది తిరుపతి లడ్డూ. ఆడబిడ్డ నోరు తెరిచి అడగలేకపోయింది గాని, అత్త అడిగింది. "దేవుడి ప్రసాదం బిడ్డను యేంటికి ఏమంటాది? ఆయన సూసుకోడా?"

అత్తకు కోపం రాకుండా, నేను వాదన పెట్టుకోకుండా ఈ మాట చెప్పడం కష్టం. ఆమె భక్తిని తక్కువ చేసే హక్కు నాకు లేదు. ఇన్నాళ్ళు పాపను కడుపులో పెట్టుకుని పెంచింది ఆమే. అందుకే ఒక్క మాటే అన్నాను. "అత్తా, ప్రసాదం కండ్లకద్దుకుంటే తీసుకున్నట్టే కదా. నోట్లో పెట్టుకోకపోతే ఆయనేమీ అనుకోడు." అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత లడ్డూను పాప నొసట తాకించి, కాగితంలో చుట్టి తానే ఎదురింటికి తీసుకుపోయి ఇచ్చి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చింది.

సాయంత్రం స్వామి పటం ముందు బెల్లం పొంగలి వండి నైవేద్యం పెట్టింది. పెసరపప్పు, కొత్తబియ్యం, బెల్లం, యాలకులు, నెయ్యి. "ఇది నీ ప్రసాదం" అని పాపకు మొదటి ముద్ద పెట్టింది. ఇంటి పెద్ద ఒకసారి మనసులోకి తీసుకుంటే, అది ఇంటి నియమమవుతుంది. ఇక నేను చెప్పనక్కర్లేదు, బంధువులకు అత్తే చెప్తుంది.

20 అక్టోబర్, సోమవారం. దీపావళి

మిఠాయి డబ్బాల రోజు. ఈ రోజుకు మా పద్ధతి: ఇంటికొచ్చిన డబ్బా ఏదైనా తెరవకుండానే అటక మీదికి. పాపకు ఇంట్లో చేసిన నువ్వుల లడ్డూ, కజ్జికాయలు. కజ్జికాయల్లో కొబ్బరి, బెల్లం, పుట్నాల పొడి.

పొట్లాల్లో అమ్మే సరుకుల మీద చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ గ్లూటెన్, పాలు, గుడ్డు, చేప, రొయ్యల జాతి, సోయా, సల్ఫైట్లు ఉంటే స్పష్టంగా అచ్చువేయాలని మన ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధనల్లో ఉంది. బిస్కెట్ పొట్లం వెనక్కి తిప్పి ఆ వరుస వెతకడం పాపకు కూడా నేర్పుతున్నాను. అయితే ఆ వరుస ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అత్తలాంటి వాళ్ళు చదవలేరు. తూకానికి అమ్మే మిఠాయిల మీద అసలేమీ ఉండదు. ఒకే కత్తితో కాజు కట్లీ, మైసూర్ పాక్ రెండూ కోస్తారు. మైసూర్ పాక్‌లో జీడిపప్పు లేకపోయినా ఆ కత్తి చాలు. అందుకే విడిగా అమ్మే మిఠాయి ఏదైనా పాపకు వద్దు. ఈ వరుసను తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చువేయిస్తే ఎందరు అవ్వలు, జేజులు నిశ్చింతగా మనవళ్ళకు పెట్టుకుంటారో.

9 నవంబర్, ఆదివారం. చేనులో

కాయ పీకుతున్నారు. ఊడ తెగకుండా కట్టెతో సహా లాగి, మట్టి దులిపి, తలకిందులుగా పేర్చుతున్నారు. ఈసారి కదిరి లేపాక్షి రకం వేశాం. ఏటా సగటున 550 మిల్లీమీటర్లు కూడా సరిగ్గా కురవని ఈ ఎర్రనేలల మీద ఒకప్పుడు జొన్న, సజ్జ, కొర్ర, ఆరిక పండేవి. మా మామగారి తరంలో చెనక్కాయ వచ్చి ఆ పంటలన్నిటినీ పక్కకు నెట్టింది. అప్పులిచ్చిందీ అదే, అన్నం పెట్టిందీ అదే. ఇప్పుడు కొందరు కందికీ ఆముదానికీ మళ్ళుతున్నారు. అయినా ఈ జిల్లా వంటింట్లో అది లేని పూట ఉండదు. సంగటిలోకి చెనక్కాయ చట్నీ, ఊరుబిండి, చిత్రాన్నం, గుత్తి వంకాయ, బొరుగుల్లోకి వేయించిన గింజలు. అలాంటి చోట పుట్టిన పిల్లకు జీడిపప్పు పడలేదని చెనక్కాయను కూడా తీసేస్తే, కంచంలో మిగిలేదేముంది?

కూలీలతో పాటు గట్టు మీద కూచుని పాప పచ్చికాయలు ఒలిచి తింటోంది. నేను ఎండిన గింజలు ఏరుతున్నాను. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి పక్కకు. కాయ ఊరే చివరి వారాల్లో బెట్ట పడితే గింజలో ఒక రకం శిలీంధ్రం చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అలర్జీ ఉన్నా లేకపోయినా ఏ పిల్లకూ అలాంటి గింజ పెట్టకూడదు. మంచి గింజలో నాలుగో వంతు దాకా మాంసకృత్తులే. పాపకు రోజూ గుప్పెడు ఉడికించో, చట్నీగానో, ఉండగానో ఇస్తున్నాను.

అత్త పాత సంగతి చెప్పింది. పాపకు అన్నప్రాశన అయిన నెలల్లోనే సంగటిలో మెత్తగా నూరిన చెనక్కాయ ముద్ద వేలితో నాకించేదట. ఇక్కడ అందరూ చేసేదే. దీని మీద ప్రపంచంలో పెద్ద పరిశోధనే జరిగింది. ఇంగ్లండులోని యూదుల పిల్లలకన్నా ఇజ్రాయెల్ పిల్లల్లో చెనక్కాయ అలర్జీ పదో వంతే ఉందని 2008లో తేలింది. ఇజ్రాయెల్‌లో పసితనంలోనే చెనక్కాయ తినిపిస్తారు. దాని మీద లండన్‌లో 640 మంది పసిపిల్లలతో లీప్ అనే పరిశోధన చేసి 2015లో ఫలితాలు వెలువరించారు. నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య మొదలుపెట్టి క్రమంగా తినిపించిన పిల్లల్లో అలర్జీ సుమారు 80 శాతం తగ్గింది. అప్పటిదాకా పసిపిల్లలకు గింజలు పెట్టొద్దన్న సలహాలు ఆ తర్వాత మారిపోయాయి. పసివాళ్ళకు గింజ గింజలా పెట్టకూడదు, గొంతులో అడ్డం పడుతుంది. మెత్తగా నూరే పెట్టాలి. అది అత్త రోలుకు ముందే తెలుసు.

23 నవంబర్, ఆదివారం

పక్క ఊరి నుంచి ఒకామె కొడుకును తీసుకుని వచ్చింది. నాలుగేళ్ళ పిల్లవాడు. ఒంటి మీద దద్దుర్లు వస్తుంటే ఎక్కడో రక్తపరీక్ష చేయించారు. కాగితం మీద చెనక్కాయ, గుడ్డు, పాలు, గోధుమ, జీడిపప్పు, కంది అన్నిటికీ ఎదురుగా ప్లస్ గుర్తులు. అన్నీ మాన్పించింది. పిల్లవాడికి పెడుతున్నది అన్నం, చారు, అరటిపండు. చేతులు పుల్లల్లా ఉన్నాయి, జుట్టు ఎర్రబారింది. "యేం పెట్టాలన్నా భయమైతాంది మేడమ్" అని ఏడ్చింది. ఆమె భయం నాకు కొత్త కాదు.

నా చేతనైనంతలో వివరించాను. ఒక తిండి మీద రక్తంలో ఐజీఈ అనే అలర్జీ ప్రతిరక్షకం కనబడటం వేరు, ఆ తిండి నిజంగా పడకపోవడం వేరు. బెంగళూరు, మైసూరుల్లో పెద్దవాళ్ళ మీద యూరోప్రివాల్ అనే పరిశోధనలో భాగంగా చేసిన సర్వే 2016లో అచ్చయింది. ఏదో ఒక తిండి మీద రక్తంలో ఐజీఈ ఉన్నవాళ్ళు నూటికి 26 మందికి పైగా ఉన్నారు. నిజంగా తిండి అలర్జీ ఉండొచ్చని తేలినవాళ్ళు నూటికి ఒకరికి కాస్త ఎక్కువ, అంతే. మిగతావాళ్ళలో చాలామంది ఆ తిండి హాయిగా తింటున్నవాళ్ళే. కాగితం మీది ప్లస్ గుర్తు చూసి తిండి మాన్పిస్తే, లేని రోగానికి పథ్యం పెట్టి నిజమైన బలహీనత తెచ్చినట్టవుతుంది.

ఈ పిల్లవాడు ఏది తిన్నప్పుడు, ఎంతసేపటికి, ఏమైందో అడిగాను. దద్దుర్లు తిండితో సంబంధం లేకుండా ఉదయాల్లో వచ్చేవట. గుడ్డు, పాలు ముందు ఎన్నోసార్లు తిన్నాడు. చెనక్కాయ ఉండలంటే ప్రాణమట. ఇవన్నీ తేదీలతో సహా ఒక కాగితం మీద రాయించాను, డాక్టరుకు అన్నిటికన్నా ముందు కావలసింది ఆ చరిత్రే. అయితే మాన్పించిన తిండిని ఇంట్లో తానే పెట్టి చూడొద్దని గట్టిగా చెప్పాను. మానేసి నెలలైంది, ఏది నిజంగా పడదో తేలాల్సింది అడ్రినలిన్ చేతికందే ఆస్పత్రిలో, డాక్టరు ఎదురుగా.

వెళ్ళేముందు ఆమె మా గోడ మీది కాగితం చదివింది. పడనివి ఇంత తక్కువా అని ఆశ్చర్యపోయింది. తక్కువ కాబట్టే మేం కచ్చితంగా పాటించగలుగుతున్నాం అన్నాను. జీడిపప్పు, పిస్తా ఈ రెండిటి విషయంలో మా ఇంట్లో ఎవరికీ మొహమాటం లేదు, దేవుడి దగ్గర కూడా. మిగతా అంతా పాప కడుపునిండా తినాలి. వద్దన్న తిండికి గట్టి కారణం ఉండాలి, ఆ కారణాన్ని ఏటా మళ్ళీ పరీక్షించాలి. ఈ పిల్లవాడి విషయంలో ఆ పని ఎవరూ చేయలేదు.

బెంగళూరు డాక్టరుతో సాయంత్రమే ఫోన్లో మాట్లాడాను. డిసెంబర్ మొదటి వారంలో రమ్మన్నారు. ఒంటరిగా పోలేనంటే నేనూ వస్తానన్నాను. ఆ రోజుకు సెలవు చీటీ రాసి పెట్టాను.